తార్నాక థీసిస్ షాపు: స్పెల్లింగ్ పనికి అయిదు స్టార్లు, ఫోన్ కరెక్షన్లకి రెండు

థీసిస్ టైపింగ్, ప్రూఫ్ చూడటం, బైండింగ్ మూడూ చేసే షాపు ఇది. తార్నాకలో ఇలాంటివి అడుగుకొకటి ఉన్నాయి. బైండింగ్ ఎక్కడైనా ఒకటే: మెరూన్ రెక్సిన్ అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు. ఆ ఒక్క పనికే అయితే ఇంత దూరం రానక్కర్లేదు, మీకు దగ్గర్లో ఎవరుంటే వాళ్లకి ఇచ్చేయండి. ఈ షాపుకి రావాల్సింది స్పెల్లింగ్ పని కోసం, అందులోనూ సైన్సు వాళ్లు.

నాది కెమిస్ట్రీ. గంధకం ఉన్న రింగ్ కాంపౌండ్ల మీద పని చేశాను కాబట్టి సల్ఫర్, సల్ఫోన్, సల్ఫాక్సైడ్ లేని పేజీ లేదు. రెండు చాప్టర్లు ముందే అమెరికా జర్నల్‌లో పేపర్లుగా వచ్చాయి, వాటిలో అంతా అమెరికన్ స్పెల్లింగ్. మిగతా చాప్టర్లు ఇంటర్ నుంచి చేతికి అలవాటైన బ్రిటిష్ స్పెల్లింగ్‌లో ఉన్నాయి. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకటే పద్ధతి ఉండాలి, అదీ బ్రిటిష్ అయి ఉండాలని మా గైడ్ గారి ఆర్డర్.

ఫైండ్-రీప్లేస్ కొడితే అయిపోయే పనిలాగే కనిపిస్తుంది. మొదట ఇచ్చిన వేరే షాపులో అదే కొట్టారు. లీటరు, మీటరు బ్రిటిష్‌లో 'ఆర్ఈ'తో ముగుస్తాయని ఎవరో చెప్పినట్టున్నారు, 'మీటర్' అన్న ముక్క దొరికిన చోటల్లా తిప్పేశారు. దాంతో స్పెక్ట్రోమీటర్, థర్మామీటర్, పారామీటర్ అన్నిటి తోకలూ మారిపోయాయి. కొలత పేరుకే 'ఆర్ఈ', కొలిచే పరికరానికి బ్రిటన్‌లో కూడా 'ఈఆర్'యే. కలర్‌లో 'యూ' పెట్టాలన్న ఉత్సాహంలో కలరిమీటర్‌కీ తగిలించారు. బ్రిటిష్ వాళ్లు వేపర్‌లో 'యూ' రాస్తారు గానీ వేపరైజ్‌లో రాయరు. ఆ షాపులో ఇవన్నీ పట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు.

ఈ షాపు అన్న పద్ధతి వేరు. ఫైల్ తెరిచే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని రెండు వరసలు రాస్తాడు. ఎడమ పక్క మార్చాల్సిన మాటలు, కుడి పక్క ముట్టుకోకూడనివి. నా కాగితంలో కుడి వరసే పొడుగ్గా తేలింది. అందులో మొదట రాసింది రిఫరెన్సులు. ఎవరి పేపర్ టైటిల్ ఎలా అచ్చయిందో అలాగే ఉండాలి. 'జర్నల్ ఆఫ్ సల్ఫర్ కెమిస్ట్రీ' పేరులో ఉన్నది 'ఎఫ్'. దాన్ని పాత బ్రిటిష్ పద్ధతిలో 'పీహెచ్' చేస్తే ఆ స్పెల్లింగ్‌తో వెతికేవాళ్లకి జర్నలే దొరకదు. తర్వాత ఒక్కో మాట దగ్గరా ఆగి, చూసి, మారుస్తాడు. టైమ్ పడుతుంది, దానికే డబ్బులు.

నాకు బాగా నచ్చింది అన్న వేసిన ప్రశ్న. "మేడమ్, బ్రిటిష్ అన్నారు సరే, మరి సల్ఫర్‌కి పీహెచ్ పెట్టాలా? అక్కడి కెమిస్ట్రీ వాళ్లే మానేశారు కదా?" ఆయన చదివింది బీకామ్. కానీ మాట నిజం. రసాయనాల పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ సంస్థ ఐయుపాక్ 1990లో 'ఎఫ్' స్పెల్లింగే తీసుకుంది. బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ కూడా 1992లో అదే సిఫారసు చేసింది. అసలు లాటిన్‌లో మొదట ఒట్టి 'పీ'తో రాసేవాళ్లు. గ్రీకు మాటేమో అనుకుని తర్వాత 'పీహెచ్' తగిలించారు, ఆ తర్వాత 'ఎఫ్' కూడా లాటిన్‌లోనే వచ్చింది. గ్రీకులో గంధకం పేరే వేరు, గంధకం ఉన్న మా రింగ్ కాంపౌండ్ థయోఫీన్ పేరులో ముందున్న 'థయో' అదే. స్కూలు పుస్తకాల్లో 'పీహెచ్' చూస్తూ పెరిగిన మా గైడ్ గారికి ఇది మింగుడు పడటానికి ఒక సాయంత్రం పట్టింది.

అల్యూమినియం విషయంలో మాత్రం ఐయుపాక్ బ్రిటిష్ వైపే మొగ్గింది, 1993లో అమెరికన్ అల్యూమినమ్ కూడా ఫర్వాలేదంది. అమెరికన్ కెమికల్ సొసైటీ 1925 నుంచి వాడుతున్నది అల్యూమినమే. మనవాళ్లు దాన్ని అమెరికా వాళ్ల వంకర రాత అనుకుంటారు గానీ, 1812లో అలా రాసింది ఇంగ్లండ్ మనిషి హంఫ్రీ డేవీయే. చివరికి నా బ్రిటిష్ థీసిస్‌లో సల్ఫర్‌కి 'ఎఫ్', అల్యూమినియంకి 'ఐ' ఖాయమయ్యాయి.

నా రూమ్మేట్‌ది జువాలజీ, ఆమె కూడా ఇక్కడే చేయించింది. బ్రిటిష్ ఈస్ట్రోజన్ ముందు 'ఓ' వస్తుంది కదా, ఇండెక్సులో 'ఈ' కింద ఉన్నదాన్ని 'ఓ' కిందకి తెచ్చారు. ఈస్ట్రోజన్ రిసెప్టర్‌కి వాడే 'ఈఆర్' అన్న పొట్టి పేరుని మాత్రం కదపలేదు, ఎందుకంటే అది బ్రిటన్‌లోనూ 'ఈఆర్'యే.

ఇక రెండు స్టార్ల సంగతి. ఫోన్లో చెప్పే కరెక్షన్లు రాసుకునేది అన్న కాదు, లోపల కూర్చునే కుర్రాడు. మంచివాడే, టైపింగ్ స్పీడు కూడా బాగుంది. కానీ అతని ఉచ్చారణంతా అమెరికా వీడియోలది, నాది మన కాలేజీ క్లాసులది. నేను మిథైల్ అంటే అతను మెథిల్ అంటాడు, నేను ఇథైల్ అంటే ఎథిల్ అంటాడు. మీథేన్, మెథేన్ దాకా సర్దుకోవచ్చు. చిక్కంతా అయోడిన్ దగ్గర వచ్చింది. బ్రిటిష్ వాళ్లు చివర 'డీన్' అంటారు, అమెరికన్లు 'డైన్' అంటారు. 'అయొడైన్' అని అలవాటైన చెవికి ఫోన్లో 'అయొడైడ్' అన్నా అదే వినిపిస్తుంది. నేను మిథైల్ అయోడైడ్ అని చెప్తే మిథైల్ అయోడిన్ అని కొట్టాడు. అలాంటి పదార్థమే లేదు. ప్రయోగాల చాప్టర్లో వరసగా నాలుగు చోట్ల అదే. ప్రూఫ్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే వైవాలో ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే అయ్యుండేది. ఆ పేజీల ప్రింటుకి మళ్లీ డబ్బులు తీసుకున్నారు, అది నాకు నచ్చలేదు. తప్పు టైపింగ్‌ది అయినప్పుడు కస్టమర్ ఎందుకు కట్టాలి?

రేటు చుట్టుపక్కల షాపుల కంటే ఎక్కువే. స్పెల్లింగ్ సరిచూడటానికి పేజీ లెక్కన విడిగా తీసుకుంటారు, బైండింగ్‌తో కలిపి బేరం ఆడితే కొంచెం తగ్గుతుంది. సబ్మిషన్ల సీజన్లో నిలబడటానికి కూడా చోటుండదు, ఒక వారం ముందే ఫైల్ ఇవ్వండి. కరెక్షన్లు ఫోన్లో చెప్పొద్దు, వాట్సాప్‌లో పంపండి. కాంపౌండ్ పేరు పక్కన ఫార్ములా కూడా పెట్టండి. కుర్రాడికి కెమిస్ట్రీ రాకపోయినా 'ఐ' పక్కన అయోడిన్‌కి ఉండే చిన్న రెండు ఉందో లేదో చూసుకుంటాడు.