ముద్రా, పీఎంఈజీపీయా, పీఎంఎఫ్ఎంఈయా... కొత్తగా చిన్న బిజినెస్ పెట్టేవాళ్ళకి ఏది మేలు?

ఈ మూడూ చిన్న వ్యాపారాలకి బ్యాంకు లోన్ దొరికేలా చేసే కేంద్ర ప్రభుత్వ పథకాలు. మా చుట్టాల్లో ఎవరు సొంతంగా ఏదైనా పెడదామనుకున్నా మొదట అడిగేది ఒకటే, ఎందులో సబ్సిడీ ఎక్కువొస్తుంది అని. నేనైతే ముందు ఇంకోటి అడుగుతా, పని ఇప్పటికే మొదలెట్టేశారా ఇంకా లేదా అని. ఎందుకంటే సగం తలుపులు అక్కడే తెరుచుకుంటాయి, అక్కడే మూసుకుంటాయి. మా వదిన విషయంలో అదే జరిగింది.

వదిన ఊళ్ళో ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతుంది. ఆర్డర్లు పెరిగాయని పొడులు పట్టే పల్వరైజర్ ఒకటి సొంత డబ్బుతో కొనేసి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా గవర్నమెంటు పోర్టల్లో నమోదు) కూడా చేయించేసుకుని, ఆ తర్వాత పీఎంఈజీపీ కోసం జిల్లా పరిశ్రమల కేంద్రానికి, అదే డీఐసీకి, వెళ్ళింది. అక్కడి ఆఫీసర్ బిల్లు మీద తేదీ చూసి "అమ్మా, మీ యూనిట్ ఆల్రెడీ నడుస్తోంది కదా, ఇది కొత్తగా పెట్టేవాళ్ళకే ఇస్తారు" అన్నాడు. అంతే, ఆ ఒక్క తేదీతో అది పోయింది.

పీఎంఈజీపీ 2008 నుంచీ ఉంది. మ్యానుఫాక్చరింగ్ అయితే 50 లక్షల దాకా, సర్వీస్ అయితే 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. సబ్సిడీ మనం ఎవరం, ఎక్కడ పెడుతున్నాం అన్నదాన్ని బట్టి మారుతుంది. జనరల్ కేటగిరీ మగవాళ్ళకి టౌన్లో 15 శాతం, పల్లెలో 25. ఆడవాళ్ళు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులు, మాజీ సైనికులకి టౌన్లో 25, పల్లెలో 35. అంటే షెడ్డు మున్సిపాలిటీ హద్దుకి ఇవతల పంచాయతీలో వేసుకుంటే అదే పనికి 10 శాతం ఎక్కువ, ఇది చాలామంది ముందు చూసుకోరు.

ఇంక అందరూ పొరపడే చోటు ఏంటంటే సబ్సిడీ మన చేతికి రాదు. లెక్క చెప్తా చూడండి. పల్లెలో ఒకామె 10 లక్షల యూనిట్ పెడుతుందనుకోండి, తన వాటా 5 శాతం అంటే 50 వేలు, జనరల్ మగవాళ్ళయితే 10 శాతం, మిగతా 9 లక్షల 50 వేలు బ్యాంకు లోన్. గవర్నమెంటు ఇచ్చే 3 లక్షల 50 వేలు బ్యాంకులోనే ఆమె పేరు మీద డిపాజిట్ గా మూడేళ్ళు ఉంటుంది, దానికి వడ్డీ రాదు, అంత మేరకి లోన్ మీదా వడ్డీ వెయ్యరు. మూడేళ్ళ తర్వాత యూనిట్ నడుస్తోందని వచ్చి చూసుకుని అప్పుడు లోన్లో కలుపుతారు. మధ్యలో యూనిట్ మూసేస్తే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. సబ్సిడీ వస్తే అప్పులు తీర్చుకుందాం అనుకునేవాళ్ళు దయచేసి ఇది రెండుసార్లు చదవండి.

పైగా టైమ్ పడుతుంది. పోర్టల్లో అప్లికేషన్, డీఐసీ పరిశీలన, బ్యాంకు శాంక్షన్, ఈడీపీ ట్రైనింగ్ (వ్యాపారం నడపడం నేర్పే శిక్షణ), అన్నీ దాటాలి. మ్యానుఫాక్చరింగ్ లో 10 లక్షలు, సర్వీస్ లో 5 లక్షలు దాటితే ఎనిమిదో క్లాసు పాసై ఉండాలి. స్థలం కొన్న ఖర్చు ప్రాజెక్టులో కలపరు.

ముద్ర దారి వేరు. 2015 ఏప్రిల్లో వచ్చింది, శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా, తరుణ్ తీసుకుని సక్రమంగా కట్టేసినవాళ్ళకి 2024 నుంచి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా. షూరిటీకి ఆస్తి పెట్టక్కర్లేదు, నడుస్తున్న షాపుకీ ఇస్తారు. కానీ సబ్సిడీ రూపాయి కూడా లేదు, వడ్డీ బ్యాంకు ఎంత వేస్తే అంత, ముద్ర అనే ఆఫీసు నేరుగా ఎవరికీ లోన్ ఇవ్వదు, ఇచ్చేది బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలే. సీజన్ ముందు సరుకు వేసుకోవాలి, రెండు లక్షలు చాలు అనేవాళ్ళకి నా ఓటు దీనికే, ఆ మాత్రానికి పీఎంఈజీపీ చుట్టూ తిరగడం దండగ.

అయితే ఒక్క జాగ్రత్త. టైలర్లు, వడ్రంగులు, మంగలి పని, కుమ్మరం, తాపీ పని, ఇలా 18 వృత్తులవాళ్ళకి 2023 సెప్టెంబర్లో మొదలైన పీఎం విశ్వకర్మ ఉంది. అందులో 5 శాతం వడ్డీకే మొదట లక్ష, తర్వాత 2 లక్షలు, పనిముట్లకి 15 వేలు. ముద్ర లోన్ ఇంకా కడుతూ ఉంటే ఇందులోకి రానివ్వరు. అందుకే కుట్టు మిషన్ పెట్టుకునే అక్కచెల్లెళ్ళు ముందు విశ్వకర్మ చూసుకోండి, ముద్ర తర్వాతైనా దొరుకుతుంది.

మళ్ళీ వదిన దగ్గరికొస్తే, ఆ ఆఫీసరే పీఎంఎఫ్ఎంఈ చూడమన్నాడు. ఇది 2020లో వచ్చింది, తినే వస్తువులు తయారుచేసే చిన్న యూనిట్లకి మాత్రమే. నడుస్తున్నవాటికీ ఇస్తారు. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు, కులం, ఊరు, ఆడామగా తేడా లేకుండా అందరికీ ఒకటే. టౌన్లో ఉండే జనరల్ కేటగిరీ అబ్బాయి పిండిమరకి పీఎంఈజీపీలో 15 శాతం వస్తే ఇక్కడ 35 వస్తుంది, ఇంత తేడా ఉన్నా చాలామంది ఈ పేరే వినలేదు. ఇందులోనూ సబ్సిడీ మూడేళ్ళు బ్యాంకులోనే ఉంటుంది, మన వాటా 10 శాతం.

నాకు బాగా నచ్చింది జిల్లా రిసోర్స్ పర్సన్. అప్లికేషన్, ప్రాజెక్ట్ రిపోర్ట్ అన్నీ దగ్గరుండి చేయిస్తారు, వాళ్ళ ఫీజు గవర్నమెంటే ఇస్తుంది. అంతకు ముందు ఒక ఏజెంట్ ఉత్త రిపోర్ట్ కే 15 వేలు అడిగాడు వదినని! పాత పల్వరైజర్ కి ఏమీ రాలేదు గానీ, వేపుడు మిషన్, ప్యాకింగ్ మిషన్ రెండిటికీ కలిపి లోన్ శాంక్షన్ అయింది.

పని ఇంకా చేతికి రానివాళ్ళు లోన్ సంగతి పక్కనపెట్టి ముందు జిల్లాలోని ఆర్‌సెటీకి వెళ్ళండి, బ్యాంకులు నడిపే ట్రైనింగ్ సెంటర్, భోజనం వసతితో సహా ఫ్రీ, తర్వాత బ్యాంకు లోన్ కీ వాళ్ళే దారి చూపిస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా పూర్తిగా ఫ్రీనే, దానికి డబ్బులడిగితే ఇవ్వకండి.

పీఎంఈజీపీ, పీఎంఎఫ్ఎంఈ రెండూ 2025-26 వరకు పొడిగించినవి, కాబట్టి అప్లై చేసేముందు పోర్టల్లో ఇప్పుడు ఏం నడుస్తోందో చూసుకోండి. డీఐసీకి వెళ్ళేటప్పుడు మిషన్ కొటేషన్ తీసుకెళ్ళండి, బిల్లు మాత్రం శాంక్షన్ లెటర్ చేతికొచ్చాకే వేయించుకోండి.