పాత కారు, చవక స్కానర్: రెండు ఎండాకాలాలు వాడాక

మా పెట్రోల్ కారు 2014 మోడల్. దాని చెక్ ఇంజిన్ లైటు నాలుగు రోజులు వెలిగి, తర్వాత దానంతటదే ఆరిపోయేది. షెడ్డుకి తీసుకెళ్లిన రోజున మాత్రం బుద్ధిగా ఆరి ఉండేది. ఆటోనగర్‌లో ఒకచోట కోడ్ చూసి, ఎరేజ్ చేసి, "ఆక్సిజన్ సెన్సార్ మార్చేద్దాం సార్" అన్నారు. ఏ కోడ్ అని అడిగితే సరైన జవాబు లేదు. ఆ తర్వాతే కారు కోడ్లని ఫోన్లో చూపించే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ స్కానర్ కొన్నాను.

బీఎస్4 (కాలుష్య ప్రమాణం) కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే కారు తన తప్పుల్ని తనే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి, ఆండ్రాయిడ్ ఫోన్లో టార్క్ యాప్ తెరిస్తే చాలు. ఐఫోన్ వాళ్లకి మామూలు బ్లూటూత్ రకం పనికిరాదు, వైఫై రకం గానీ ఐఫోన్‌కి పనికొచ్చే బ్లూటూత్ ఎల్ఈ రకం గానీ చూసుకోవాలి.

కోడ్ చదవడం ఏ స్కానరైనా చేస్తుంది. నాకు డబ్బులు గిట్టింది ఫ్రీజ్ ఫ్రేమ్ వల్ల. తప్పు జరిగిన క్షణంలో ఆర్‌పీఎం, స్పీడు, లోడు (ఇంజిన్ మీద పడే భారం), కూలెంట్ వేడి ఎంతున్నాయో ఇంజిన్ కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. కోడ్ ఎరేజ్ చేస్తే అదీ పోతుంది. వచ్చీపోయే లైటుకి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అదే! అందుకే ఇప్పుడు ఎవరు ఎరేజ్ చేస్తామన్నా ముందు స్క్రీన్‌షాట్ తీసుకుంటాను.

నాకొచ్చిన కోడ్ పి0303, అంటే మూడో సిలిండర్లో మిస్సింగ్ (పెట్రోల్ సరిగ్గా మండకపోవడం). ఫ్రేమ్‌లో 1,500 చిల్లర ఆర్‌పీఎం, లోడు బాగా ఎక్కువ, కూలెంట్ 97 డిగ్రీలు. మే నెలలో ఏసీ వేసుకుని, మూడో గేర్‌లో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సరిగ్గా ఇవే అంకెలు వస్తాయి. లోడు మీద సిలిండర్లో ఒత్తిడి పెరిగితే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి. స్పార్క్‌కి ఆ వోల్టేజీ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడి ఉంటే, వేడెక్కినప్పుడు అంత ఇవ్వలేకపోతుంది. చల్లటి ఇంజిన్‌తో షెడ్డులో నిలబెట్టి చూస్తే ఏం దొరుకుతుంది?

మా వీధి చివరి మేస్త్రీ ఫోన్లో అది చూసి, "కాయిల్ అటూ ఇటూ మారుద్దాం బాబూ, ఖర్చేం లేదు" అన్నాడు. మూడో సిలిండర్ కాయిల్ రెండో దానికి వేశాడు. తర్వాతిసారి లైటు పి0302తో వచ్చింది. తప్పు కాయిల్‌తో పాటే కదిలింది, అంతే. కొత్త కాయిల్ వేశాక మళ్లీ మిస్సింగ్ కోడ్ రాలేదు. ఆటోనగర్‌లో మార్చేద్దామన్న ఆక్సిజన్ సెన్సార్ పాతదే ఉంది.

లైటు ఎందుకు వచ్చి పోతుందో కూడా దీంతోనే అర్థమైంది. సాధారణంగా మొదటిసారి తప్పు దొరికితే కోడ్ పెండింగ్‌లోనే ఉంటుంది, తర్వాతి డ్రైవ్ సైకిల్‌లోనూ (స్టార్ట్ చేసి, నడిపి, ఆపేదాకా ఒక సైకిల్) దొరికితే లైటు వెలుగుతుంది. వరుసగా మూడు సైకిళ్లు తప్పు లేకపోతే ఆరిపోతుంది. ఆరింది కదా అని బాగయినట్టు కాదు. లైటు టపటపా కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి, పక్కకి ఆపాలి. కాలని పెట్రోల్ వెళ్లి, పొగని శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఇది చదవదు. కారు ఆపినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి వదిలేస్తే బ్యాటరీ తినేస్తుంది. కాల్ వచ్చినప్పుడు కనెక్షన్ తెగడం ఒక్కోసారి చిరాకు.

ఈ మధ్య పెండింగ్‌లో పి0420 కనిపిస్తోంది. అది కన్వర్టర్ పనితీరు కోడ్. ఆ పాత మిస్సింగ్ పుణ్యమే అయ్యుండొచ్చు. ముందు సైలెన్సర్‌లో లీకేజీ ఉందేమో చూపించాక గానీ కన్వర్టర్ జోలికి వెళ్లను.