ముక్కూమొహం తెలియని వారికి జవాబులు: కొన్నేళ్ల అనుభవం

కొన్నేళ్లుగా అపరిచితుల ప్రశ్నలకు తెలుగులో జవాబులు రాస్తున్నాను. ఆటలు, టీవీ, ఉద్యోగాలు, మనుషుల తీరు... నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఇవే. ఈ పని మొదలుపెట్టవచ్చా అని ఎవరడిగినా తప్పకుండా పెట్టమంటాను. అయితే ప్రశ్నలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

హాయిగా రాయగలిగేవి ఆటల ప్రశ్నలే. "రైడర్ బోనస్ గీత దాటినా పాయింటు ఎందుకివ్వలేదు?" అని ప్రో కబడ్డీ జరుగుతున్న రోజుల్లో ఒకరు ఆవేశంగా అడిగారు. కూతకు వెళ్లే రైడర్‌కు ఎదురుగా కోర్టులో కనీసం ఆరుగురు డిఫెండర్లు ఉంటేనే బోనస్, అంటే అదనపు పాయింటు. పైగా ఒక కాలు గీత అవతల మోపినప్పుడు రెండో కాలు గాలిలో ఉండాలి. వెనక కాలి వేలు నేలకు తగిలి ఉన్నా బోనస్ రాదు. ఇంత చెబితే చాలు, అడిగినవారు ఆ రైడ్‌ను మళ్లీ వేసుకుని చూస్తారు.

టీవీ విషయంలో ఎక్కువమందిది ఒకటే బాధ: ఇంటిల్లిపాదీ చూసే సీరియల్‌ను ఎందుకు ఆపేశారని. సీరియల్ ఉండాలా పోవాలా అన్నది ఎక్కువగా రేటింగును బట్టే. ఆ లెక్క, టీవీ ఎంతమంది చూస్తున్నారో కొలిచే బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలోని మీటర్ల నుంచి వస్తుంది. చానల్ ధ్వనిలో చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. మీటరు లేని ఇంట్లో టీవీ రోజంతా మోగినా ఆ లెక్కలోకి నేరుగా రాదు.

నాకు కంటి మీద కునుకు లేకుండా చేసేవి ఉద్యోగాల ప్రశ్నలు. "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి గ్రూప్-2కు చదవనా?" దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేవారిని చూస్తే కోపం వస్తుంది. తెలంగాణలో 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. అందుకే ముందు నేనే అడుగుతాను: రెండు మూడేళ్లు జీతం లేకపోతే ఇల్లు గడుస్తుందా? అప్పులున్నాయా? ఉద్యోగం చేస్తూ పొద్దున రెండు గంటలు చదివి చూశారా? ఇవి తేలాకే సలహా. ఒక కుటుంబం బతుకుతెరువు మీద మాట విసిరేసి వెళ్లిపోయే హక్కు మనకు లేదు.

మనుషుల తీరు గురించి అడిగేవారి మనసులో సాధారణంగా ఒకే మనిషి ఉంటారు. "డబ్బు వస్తే మనుషులు మారిపోతారా?" అన్నవారిని కాస్త కదిలిస్తే, మాటలు మానేసిన అన్నయ్య బయటకు వస్తాడు. అక్కడ సిద్ధాంతాలు పక్కనపెట్టి ఆ అన్నయ్య గురించే మాట్లాడతాను.

ఇంకా లోటున్నది ఒకచోట. పింఛను కాగితాలు, విద్యారుణాలు, భూమి పత్రాల గురించిన ప్రశ్నలకు తెలుగులో సరైన జవాబు దొరకడం కష్టంగా ఉంది. ఆ శాఖల్లో పనిచేసి రిటైరైనవారు రోజుకొక జవాబు రాసినా ఎంతోమందికి ఆఫీసుల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది.