12 గంటల డ్యూటీనా, ఇంట్లోనే ఉండే పనా?

హైదరాబాద్‌లో పెద్దవాళ్లను చూసుకునే పనికి వచ్చేవాళ్లు ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. పేషెంటు ఇంట్లోనే ఉంటే తిండి, గది అద్దె, బస్సు ఖర్చు మిగులుతాయి. కానీ ముందు పేషెంటు రాత్రి సంగతి అడగండి.

మంచం దిగలేని మనిషికి పుండ్లు పడకుండా సాధారణంగా 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి, డైపర్ తడిస్తే మార్చాలి. ఒక్కరే రాత్రీపగలూ చేస్తే నడుం పట్టేస్తుంది, మందుల వేళలు తప్పుతాయి. అలాంటి ఇంట్లో 12 గంటల చొప్పున ఇద్దరు ఉండాల్సిందే.

అక్కడ గొడవంతా డ్యూటీ మారేటప్పుడే. ఇన్సులిన్ సంగతి నోటిమాటగా వదిలేస్తే అదే డోసు రెండోసారి ఇచ్చే ప్రమాదం ఉంది; టైము, యూనిట్లు, షుగర్ రీడింగు నోట్‌బుక్‌లో రాయాలి.

రాత్రి నిద్రపోయి, తనంతట తాను బాత్‌రూమ్‌కి వెళ్లగలిగే పెద్దావిడైతే ఉండే పనే మేలు. వారానికో సెలవు, ఇంటిల్లిపాదికీ వంట చేయనన్న మాట మాత్రం చేరకముందే ఖాయం చేసుకోండి.