జాగ్రత్త: పేరూ తేదీ లేని స్టీల్ బ్రేక్ హోసులు పాత కారుకు బిగించకండి

‘పాత మారుతి కార్లన్నిటికీ సరిపోతాయి’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న స్టీల్ అల్లిక బ్రేక్ హోసులు (బ్రేక్ ఆయిల్‌ను చక్రం దాకా తీసుకెళ్ళే వంగే గొట్టాలు) కొనాలని చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లోనే బిగించుకునే అలవాటున్నవాళ్ళు, దయచేసి ముందు ఇది చదవండి. నేను కొన్నాను, నా చేతులతోనే బిగించాను. పదకొండో రోజున భాకరాపేట ఘాట్ దిగుతుంటే ఎడమవైపు హోసు కాలర్ (చివరన గొట్టాన్ని పట్టి ఉంచే లోహపు కట్టు) దగ్గర వదిలేసింది. కారులో మా అమ్మ, నా భార్య, ఎనిమిదేళ్ళ మా పాప ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను.

కారు 1999 మారుతి జెన్. నాన్న కొన్నది. ఆయన పోయాక అమ్మడానికి మనసొప్పక తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందే పెట్టుకుని, చిన్నాచితకా పనులన్నీ నేనే చేసుకుంటూ వస్తున్నాను. ఈ వేసవిలో కుడివైపు ముందు చక్రం బాగా వేడెక్కడం మొదలైంది. తిరుచానూరు దాకా వెళ్ళొచ్చినా చాలు, రిమ్ము మీద చెయ్యి పెట్టలేకపోయేవాణ్ణి. రేణిగుంట రోడ్డులో మాకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ అన్న చూసి, లోపం క్యాలిపర్‌ది (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) కాదు, హోసుది అని తేల్చాడు. రబ్బరు హోసు పాతబడితే పైన పగుళ్ళు కనిపిస్తాయి గానీ అసలు నష్టం లోపల జరుగుతుంది. లోపలి రబ్బరు ఉబ్బి దారి ఇరుకైపోతుంది. పెడల్ తొక్కిన బలానికి ఆయిల్ చక్రం దాకా వెళ్తుంది, కాలు తీశాక మాత్రం తొందరగా వెనక్కి రాదు. ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి, చక్రం కాలిపోతుంది. “ముందువి రెండూ కంపెనీ హోసులు వేసుకో సార్, ఇంకేం వద్దు” అన్నాడు అన్న.

ఎలాగూ మారుస్తున్నాం కదా, ఇంకా మంచివే వేద్దామనుకున్నాను. ఆ ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. అసలైన స్టీల్ అల్లిక హోసులో లోపల టెఫ్లాన్ గొట్టం ఉంటుంది, దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలు దగ్గరగా అల్లి ఉంటాయి, రెండు చివర్లా కాలర్లను మిషన్‌తో నొక్కి బిగిస్తారు. గట్టిగా తొక్కినప్పుడు రబ్బరు గొట్టం కొద్దిగా వ్యాకోచిస్తుంది, ఇది అంతగా వ్యాకోచించదు. అందుకే పెడల్ గట్టిగా, నమ్మకంగా అనిపిస్తుంది. రేసు కార్లకూ బైకులకూ ఇవి వాడేది ఇందుకే. నా గొడవ ఆ పద్ధతితో కాదు. ఆ పేరు చెప్పి, పైన మెరిసే తీగ చుట్టి అమ్ముతున్న సరుకుతో.

ముందు చక్రాల జత ధర 2,340 రూపాయలు. ‘ఎవరైనా ఇంట్లోనే అరగంటలో బిగించుకోవచ్చు’ అని అమ్మకం పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది. పార్సిల్ తెరిస్తే ఒక ప్లాస్టిక్ కవరు, అందులో రెండు హోసులు, రెండే రెండు కాపర్ వాషర్లు. తయారుచేసినవాళ్ళ పేరు లేదు, చిరునామా లేదు, నెలా సంవత్సరం లేవు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఇవన్నీ ఉండాలని మన దేశంలో 2011 నుంచే నిబంధనలు ఉన్నాయి. హోసు మీద కూడా ఒక్క అక్షరం ముద్ర లేదు. అక్కడే ఆగి తిప్పి పంపాల్సింది. నేను ఆగలేదు.

ముద్ర గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, బ్రేక్ హోసు మామూలు నీళ్ళ పైపు కాదు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) చుట్టుపక్కల. అదే బ్రేకు గట్టిగా తొక్కితే ఈ సన్నటి గొట్టంలో ఒత్తిడి వెయ్యి పీఎస్ఐ దాటుతుంది. అమెరికా వాళ్ళ ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రమాణం ప్రకారం బ్రేక్ హోసు 4,000 పీఎస్ఐ నీటి ఒత్తిడిని రెండు నిమిషాలు తట్టుకోవాలి. లోపలి వ్యాసం ఒకటింట ఎనిమిదో వంతు అంగుళం గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే 7,000 పీఎస్ఐ లోపు పగలకూడదు. తయారీదారు గుర్తు, తయారైన తేదీ హోసు మీదే ఉండాలి. మన దగ్గర ఇలాంటి హోసులకు ఐఎస్ 7079 ప్రమాణం ఉంది. ముద్ర ఉన్నంత మాత్రాన సరుకు అసలైనదని నమ్మలేం, దొంగముద్రలు వేసేవాళ్ళూ ఉంటారు. కానీ ఏ ముద్రా లేని సరుకంటే, దాని బాధ్యత తీసుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరనే అర్థం.

ఆదివారం పొద్దున్నే నేనూ మా బావమరిదీ పని మొదలుపెట్టాం. పాత ఇనుప పైపు నట్టు తుప్పుపట్టి ఉంది. మామూలు స్పానర్ పెడితే అంచులు అరిగిపోతాయని పైప్ నట్ స్పానర్ అడిగి తెచ్చుకున్నాను. ఎడమవైపు కొత్త హోసు పాతదాని పక్కన పెట్టి చూస్తే రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉంది. కుడివైపుది సరిగ్గానే ఉంది. ఒకే జతలో రెండు కొలతలు! ‘స్టీరింగ్ తిప్పి చూద్దాం, పట్టకపోతే ఆపేద్దాం’ అనుకుని బిగించాం. చక్రం జాకీ మీద వేలాడుతూ, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఎడమ హోసు బిగుసుకుంది, కానీ లాగినట్టు కనిపించలేదు. సరిపోతుందిలే అనుకున్నాను. కాపర్ వాషర్లు హోసును క్యాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్టుకు రెండు చొప్పున నాలుగు కావాలి కాబట్టి తక్కువైన రెండూ కొత్తవే కొన్నాను. డాట్ 4 బ్రేక్ ఆయిల్ సీసా కొత్తది తెరిచి, గొట్టాల్లో చేరిన గాలి తీసి, గల్లీలో నాలుగు రౌండ్లు తిప్పాను. పెడల్ రాయిలా ఉంది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

పది రోజులు ఏమీ కాలేదు. పదకొండో రోజు పీలేరులో బంధువుల ఇంటికి వెళ్ళి సాయంత్రం తిరిగొస్తున్నాం. 2022 మార్చిలో పెళ్ళివాళ్ళ బస్సు లోయలో పడిపోయిన ఆ భాకరాపేట ఘాటే. అందుకని మూడో గేర్‌లోనే మెల్లగా దిగుతున్నాను. ముందు లారీ ఉందని బ్రేకు తొక్కాను. పెడల్ ఒక్కసారిగా సగానికి పైగా కిందకి వెళ్ళిపోయింది, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్రేకు లైటు వెలిగింది. మళ్ళీ మళ్ళీ పంపు కొట్టినట్టు తొక్కుతూ, రెండో గేర్‌కి దించి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ కొండవైపు మట్టిలోకి దించి ఆపాను. బ్రేకుల వ్యవస్థ రెండు భాగాలుగా ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా రెండోది కొంత పనిచేసింది. అది కూడా పోయి ఉంటే ఏమయ్యేదో రాయడం నాకు ఇష్టం లేదు. ఎడమ చక్రం లోపలంతా ఆయిల్. పాప “నాన్నా, ఎందుకు ఏడుస్తున్నావ్?” అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కారును లాగించుకుని అన్న షెడ్డుకు తెచ్చాం. తప్పు నా బిగింపులో ఉందేమోనని ముందు అదే చూడమన్నాను. బ్యాంజో బోల్టు దగ్గర పొడిగా ఉంది, పైప్ నట్టు దగ్గర పొడిగా ఉంది. కాలర్‌లోంచి గొట్టమే కొద్దిగా బయటికి జరిగి ఉంది. అన్న హోసును కోసి చూపించాడు. “ఏంది సార్ ఇది, లోపల మామూలు రబ్బరే కదా!” టెఫ్లాన్ జాడే లేదు. కాలర్ లోపల గొట్టం మీద గట్టిగా నొక్కిన గుర్తు సగం చుట్టుకే ఉంది, మిగతా సగం నున్నగా ఉంది. హోసు పొట్టిగా ఉండి చక్రం గుంతలో దిగిన ప్రతిసారీ లాగుతుంటే, సగమే నొక్కిన కాలర్ ఎన్ని రోజులు పట్టుకుంటుంది? పైనున్న తీగ వల్ల ఇదేదీ కంటికి కనిపించలేదు. రబ్బరు హోసు చెడిపోతే చాలాసార్లు పైన పగులో ఉబ్బో కనిపిస్తుంది, ఇందులో అన్నీ దాగిపోతాయి. నన్ను ఎక్కువగా భయపెట్టింది ఇదే. కుడివైపు హోసు పైకి బాగానే ఉంది, కోసి చూస్తే అందులోనూ అదే రబ్బరు.

అమ్మినవాళ్ళకు ఫోటోలు, వీడియో పంపాను. మూడు రోజుల తర్వాత ఒక్క లైను జవాబు: మెకానిక్‌తో బిగించుకోలేదు కాబట్టి బాధ్యత లేదు. ‘ఇంట్లోనే అరగంటలో’ అని వాళ్ళే రాసిన పేజీ స్క్రీన్‌షాట్ పంపాక జవాబు రావడం ఆగిపోయింది. షాపింగ్ సైటువాళ్ళు ఏడు రోజుల గడువు దాటింది అన్నారు. అప్పుడు సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాశాను. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాతే 2,340 రూపాయలు వెనక్కి వేశారు. కారు లాగించిన ఖర్చు, కొత్త ప్యాడ్ల ఖర్చు నావే. డబ్బు సంగతి వదిలేద్దామనుకున్నాను, కానీ గత వారం అవే ఫోటోలతో, అవే మాటలతో, వేరే అమ్మకందారు పేరుతో అదే సరుకు మళ్ళీ కనిపించింది. అది చూశాక ఊరుకోలేకపోయాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. రెండేళ్ళలోపు వేయాలి, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కోసిన హోసు ముక్కలు, పార్సిల్ కవరు, బిల్లు అన్నీ దాచాను. మీకూ ఇలా జరిగితే పాడైన భాగాన్ని మాత్రం ఎవరికీ తిరిగి ఇచ్చేయకండి.

ఇంట్లో బిగించుకోవద్దని నేను అనను. నేను ఇంకా చేసుకుంటాను. కానీ హోసు చేతికి రాగానే పాతదాని పక్కన పెట్టి పొడవు కొలవండి. ఒక్క సెంటీమీటరు తక్కువైనా వద్దు. మర పిచ్ (మర చుట్ల మధ్య దూరం) కూడా చూడండి. ఎం10 (పది మిల్లీమీటర్ల) బోల్టుల్లో 1.0 పిచ్, 1.25 పిచ్ రెండూ ఉన్నాయి, ఒకదాంట్లో ఇంకొకటి ఒకటి రెండు చుట్లు ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. అది గట్టిగా పట్టిందనుకుని బలం పెడితే క్యాలిపర్ మరే పోతుంది. చేత్తో చివరిదాకా తిరిగితేనే స్పానర్ పెట్టండి. కాపర్ వాషర్లు పాతవి మళ్ళీ వాడకండి. చక్రం వేలాడుతున్నప్పుడూ, కారు నేల మీద ఉన్నప్పుడూ స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. హోసు బిగుసుకోకూడదు, మెలిక పడకూడదు, టైరుకు తగలకూడదు. నాకు ‘బిగుసుకుంది కానీ లాగలేదు’ అనిపించినప్పుడే వదిలేసి ఉండాల్సింది. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి. డాట్ 5 అనే సిలికాన్ ఆయిల్ మన డాట్ 3, డాట్ 4 ఆయిళ్ళతో కలవదు, పేరు చూసి మోసపోకండి.

ఇప్పుడు మా జెన్‌కు కంపెనీ రబ్బరు హోసులే ఉన్నాయి. రెండూ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. చక్రం వేడెక్కడం లేదు, పెడల్ బాగుంది. మెకానిక్ అన్న మొదటిరోజు చెప్పింది ఇదే.

ఆ మెరిసే హోసులు ఇప్పటికే బిగించుకున్నవాళ్ళు ఈ సాయంత్రమే ఒక పని చేయండి. కాలర్ల దగ్గర శుభ్రంగా తుడిచి, హోసు రెండు చివర్లా తెల్లటి టిష్యూ పేపరు చుట్టండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఇంట్లో ఒకరిని పెడల్ మీద గట్టిగా నిమిషంపాటు తొక్కి పట్టుకోమనండి. పెడల్ మెల్లగా దిగుతున్నా, పేపరు మీద చిన్న తడి మచ్చ కనిపించినా కారు గేటు దాటించకండి. మెకానిక్‌ను ఇంటికే పిలిపించుకోండి. ఏ మచ్చా లేకపోయినా, హోసు మీద తయారీదారు పేరు లేకపోతే దాన్ని విప్పించి కంపెనీది వేయించుకోండి. మాది కూడా పది రోజులు పొడిగానే ఉంది.