స్టోరీలైన్ 360: ఆడియో టైమింగ్‌లో ఎంతవరకు నమ్మొచ్చు?

ఈ-లెర్నింగ్ పాఠాలు తయారుచేసే స్టోరీలైన్ సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ల తరబడి రోజూ వాడాక చెబుతున్న మాట ఇది: స్టోరీలైన్‌లో మాట ఒకచోట, బొమ్మ ఒకచోట పోతుంటే చాలాసార్లు తప్పు టైమ్‌లైన్‌ది (స్లైడ్‌లో ఏది ఎప్పుడు రావాలో బార్లుగా చూపే పట్టీది) కాదు, అందులో పడేసిన ఫైల్‌ది. బార్లు అటూ ఇటూ జరిపే ముందు ఒక్కటి చూసుకోండి. తేడా మొదటి వాక్యం నుంచీ ఒకేలా ఉందా, చివరికి పోయేకొద్దీ పెరుగుతోందా?

పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది వీడియోని. ఫోన్లు, మీటింగ్ యాప్‌లు తీసే రికార్డింగుల్లో ఫ్రేమ్ రేటు (సెకనుకి చూపే బొమ్మల సంఖ్య) చాలాసార్లు నిలకడగా ఉండదు. అలాంటి ఫైల్‌ని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫ్రేమ్ రేటు 30 పెట్టి, కాన్‌స్టంట్ ఎంచుకుని మళ్లీ తీసి పెట్టండి. ఆడియో ఒక్కటే అయితే శాంపిల్ రేటు (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారన్నది) చూడాలి. 48 కిలోహెర్ట్జ్ ఫైల్‌ని ఏ ప్రోగ్రామైనా 44.1 అని పొరబడి చదివితే 60 సెకన్ల ఆడియో 65.3 సెకన్లవుతుంది, గొంతు కూడా బరువెక్కుతుంది. గొంతు మామూలుగానే ఉంటే కారణం ఇది కాదు.

ఎలాగూ పబ్లిష్‌లో కుదించేదే కదా అని ఎంపీ3 ఇచ్చేస్తుంటారు. ఇవ్వకండి. ఎంపీ3 ఆడియోని ఫ్రేములనే ముక్కలుగా దాస్తుంది, ఒక్కో ముక్క 1152 శాంపిళ్లు, అంటే 44.1 దగ్గర 26 మిల్లీసెకన్లు. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. స్లైడ్‌కి ఒకే క్లిప్ ఉంటే చెవికి తెలియదు. నరేషన్‌ని పది ముక్కలు చేసి పక్కపక్కనే పేరిస్తే మాత్రం ప్రతి అతుకు దగ్గరా తడబాటు వినపడుతుంది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ నుంచి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ (WAV) ఫైల్ తీయండి, నిమిషానికి 5.3 ఎంబీ. బిట్‌రేట్ (సెకను ఆడియోకి వాడే డేటా) పెంచితే సింక్ కుదురుతుందనేది వట్టి అపోహ. 56 కేబీపీఎస్ దగ్గర 420 కేబీ ఉండే నిమిషం ఆడియో, 128 దగ్గర 960 కేబీ అవుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నచోట అది ఇంకా ఆలస్యంగా మొదలవుతుంది.

ఇక తేడా ఒకేలా ఉంటే అది చేతి జాప్యమే. టైమ్‌లైన్ నడుస్తుండగా కీబోర్డులో సీ (C) కీ నొక్కితే క్యూ పాయింట్ (ఆ క్షణానికి ఒక గుర్తు) పడటం ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా పనికొచ్చే సదుపాయం. కానీ మాట విని నొక్కేసరికి 0.2 సెకను పోతుంది. దాని మీద ఫేడ్ (బొమ్మ మెల్లగా తేలడం) మామూలుగా 0.75 సెకను తీసుకుంటుంది. అంటే బొమ్మ పూర్తిగా తేలేసరికి దాదాపు సెకను ఆలస్యం. ఫేడ్ 0.25కి తగ్గించండి. టైమ్‌లైన్‌ని జూమ్ చేసి, ఆడియో తరంగం లేచేచోటికి 0.3 సెకను ముందుగా క్యూ పాయింట్‌ని లాగండి. ట్రిగ్గర్లకు (ఎప్పుడు ఏం జరగాలో చెప్పే ఆదేశాలకు) సెకన్ల అంకె ఇవ్వకుండా క్యూ పాయింట్‌నే కట్టండి, రేపు ఆడియో మారితే పాయింట్ జరిపితే సరిపోతుంది.

ఆ మారే రోజు ఎలాగూ వస్తుంది. కొత్త ఆడియో పెట్టినా పాత క్యూ పాయింట్లు ఉన్నచోటే ఉంటాయి. కొత్తది పొట్టిదైతే టైమ్‌లైన్ చివర ఖాళీ మిగిలి, టైమ్‌లైన్ ముగిశాక తర్వాతి స్లైడ్‌కి వెళ్లమన్న ట్రిగ్గర్ ఊరికే కాచుకుని కూర్చుంటుంది. చివరి అంచుని చేత్తో లాగాలి.

ఇంగ్లిష్ కోర్సుని తెలుగులోకి మార్చేటప్పుడు పని ఇంతటితో తీరదు. ఇంగ్లిష్ నరేషన్‌లో ముందు చేతి తొడుగుల మాట, తర్వాత వాల్వ్ మాట వస్తుంది. తెలుగులో ‘వాల్వ్ తెరిచే ముందు చేతి తొడుగులు వేసుకోండి’ అంటాం. మాటల వరస తలకిందులైంది కాబట్టి క్యూ పాయింట్లని వరస మార్చకుండా ఎంత జరిపినా తొడుగుల బొమ్మ వాల్వ్ అన్నప్పుడే వస్తుంది. ట్రిగ్గర్లలో క్యూ పాయింట్లు 1, 2 తారుమారు చేయాలి. తెలుగు చదవడం రాని డెవలపర్ చేతికి ఇస్తే ఇది కనిపెట్టలేడు. స్క్రిప్టులో ఆయా మాటల పక్కన క్యూ నంబర్లు రాసి ఇవ్వండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

మొదటి స్లైడ్‌లోనే ఆడియో రాకపోతే అది బ్రౌజర్ పని. 2018 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 66 నుంచి, చూసేవాళ్లు పేజీని ముట్టుకోకుండా శబ్దం మొదలవడానికి అడ్డుకట్టలున్నాయి. నరేషన్ లేని స్లైడ్ ఒకటి ముందు పెట్టి, అందులో ‘మొదలుపెట్టండి’ బటన్ ఉంచండి. వెనక్కి వచ్చినప్పుడు ఆడియో మధ్యలోంచి మొదలైతే స్లైడ్ ప్రాపర్టీస్‌లో రీసెట్ టు ఇనీషియల్ స్టేట్ పెట్టాలి. రెండు గొంతులు ఒకదానిమీద ఒకటి పడుతుంటే లేయర్ (స్లైడ్ మీద తెరుచుకునే పొర) ప్రాపర్టీస్‌లో బేస్ లేయర్, అంటే అడుగు స్లైడ్ టైమ్‌లైన్‌ని ఆపే టిక్ పెట్టలేదన్నమాట.

ఇవన్నీ సరిచూశాక కూడా క్లయింట్ నుంచి ‘ఆడియో లేటు’ అని మెయిల్ వస్తే, ఫైల్ తెరిచే ముందు ఏ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారో అడగండి. బ్లూటూత్‌వైతే 0.2 సెకను తేడా అక్కడే రావచ్చు. వైరున్నవి పెట్టి మరోసారి చూడమనండి.