జునిపర్ల కోసం వెళ్తే: జబల్ అఖ్దర్‌లో ఆగాలా, జబల్ షమ్స్ ఎక్కాలా?

మస్కట్‌లో ఉండే తెలుగువాళ్లకు రెండు సెలవులు కలిసొస్తే గుర్తొచ్చేది జబల్ అఖ్దర్ కొండ. చల్లగాలి, గులాబీ తోటలు, లోయ అంచున ఫొటోలు. అంతవరకే కావాలంటే హాయిగా అక్కడే ఉండి రావచ్చు. మేము వెళ్లింది జునిపర్ చెట్ల కోసం, అంటే చల్లని కొండల మీద ఏడాదంతా పచ్చగా ఉండే చెట్ల కోసం. ఒమాన్‌లో ఇవి పశ్చిమ హజర్ పర్వతాల పైభాగాన తప్ప మరెక్కడా పెరగవు. ఇదే జాతి మళ్లీ కనిపించేది సముద్రానికి ఆవల, ఇరాన్, బలూచిస్థాన్ కొండల్లో.

నిజ్వా దారిలో బిర్కత్ అల్ మౌజ్ దాకా ఏ కారైనా సరిపోతుంది. ఆ తర్వాత పోలీసు చెక్‌పోస్టు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే వెనక్కి పంపేస్తారు, బతిమాలినా లాభం ఉండదు. మేము నిజ్వాలో డ్రైవరుతో సహా బండి మాట్లాడుకున్నాం. ఖర్చు ఎక్కువే అయినా దిగేటప్పుడు దాని విలువ తెలిసింది. వాలు ఎంతగా ఉంటుందంటే, బ్రేకులు పట్టని బండ్లను ఆపడానికి పక్కన ప్రత్యేకంగా దారులు కట్టారు. మా ఒమానీ డ్రైవరు దిగినంతసేపూ తక్కువ గేరులోనే నడిపాడు.

జబల్ అఖ్దర్ పైనున్న సైక్ పీఠభూమి ఎత్తు దాదాపు 2,000 మీటర్లు. బస విషయానికొస్తే లోయ అంచున పెద్ద రిసార్టులున్నాయి, కానీ వాటి అద్దె మా స్థాయికి మించినది. ఊరిలోని చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. గదిలో హీటరు పనిచేసింది, వేడినీళ్లు మాత్రం అడిగి అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. వంటమనిషి కడప జిల్లావాడు కావడంతో తిండికి లోటు లేకపోయింది. సాయంత్రం మాతో పాటు నడకకు వచ్చి, ఒక పొదను చూపించి, ‘ఇది మా ఊరి గుట్ట మీద ఉండే బందారే కదన్నా’ అన్నాడు. నిజంగా అదే.

జునిపర్ల సంగతికొస్తే సైక్ దగ్గర మనసు చివుక్కుమంటుంది. చెట్లు లేకపోలేదు. కానీ చాలావాటికి తల ఎండిపోయింది, ఒకవైపు కొమ్మలు బూడిదరంగుకు తిరిగి, మరోవైపు మాత్రమే పచ్చదనం మిగిలింది. ఇక్కడ ఏడాదికి కురిసేది సుమారు 300 మిల్లీమీటర్లు. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. ఇక్కడి చెట్లు ఆ కాస్త వానతో, పైనున్న చల్లదనంతో నెట్టుకొస్తున్నాయి. 2,400 మీటర్లకు దిగువన ఇవి క్షీణిస్తున్నాయని 1990లలోనే పరిశోధకులు గుర్తించారు. వేడి పెరిగి, తేమ తగ్గేకొద్దీ అడవి కింది అంచు పైకి జరుగుతోంది. పైన శిఖరం అయిపోయాక జరగడానికి ఇంకేమీ ఉండదు. దీనికి తోడు మొలకల్ని వదలని మేకలు, అడవి పాలైన గాడిదలు. ఈ ప్రాంతాన్ని 2011లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అయితే ప్రకటనతో వాన కురవదు కదా.

అందుకే జునిపర్లు చూడాలనుకునేవారికి నా సలహా ఇంతకంటే ఎత్తైన కొండ జబల్ షమ్స్. నిజ్వా నుంచి అల్ హమ్రా, ఘుల్ మీదుగా దారి. మేము వెళ్లినప్పుడు చివర్లో కొంత మేర కంకర బాట ఉంది. బస క్యాంపుల్లోనే. గదులు సాదాసీదా, భోజనం రోజూ ఒకటే, ఫోను సిగ్నలు వచ్చిపోతుంటుంది. అయినా తెల్లవారగానే దక్షిణ శిఖరం వైపు కాలిబాట పట్టొచ్చు. ఆ ఒక్క సౌకర్యం ముందు మిగతావన్నీ దిగదుడుపే. ఉత్తర శిఖరం సైన్యం ఆధీనంలో ఉంది, అటు వెళ్లనివ్వరు.

ఎక్కేకొద్దీ చెట్లు తేరుకుంటాయి. కొమ్మలు నేల దాకా నిండుగా ఉంటాయి, బెరడు పట్టీలుగా ఊడి వేలాడుతుంటుంది, కాయలు నీలినలుపులో బూడిద పూసినట్టుంటాయి. ఒకచోట పడిపోయిన ఎండుకొమ్మను ఒంగి చూస్తే దాని కింద జానెడు మొలక. ముదురు చెట్టు ఆకు పొలుసుల్లా కొమ్మకు అంటుకుని ఉంటే, దీని ఆకులు సూదుల్లా గుచ్చుకున్నాయి. చుట్టూ మేకల పెంటికలు, కొమ్మ మాత్రం మేక మూతికి అడ్డుగా ఉంది.

ఆ సాయంత్రం క్యాంపులో చలిమంటకు తెచ్చింది సరిగ్గా అలాంటి ఎండుకొమ్మల్నే. వాసన చెక్కిన పెన్సిల్ పొట్టులా కమ్మగా ఉంటుంది, అతిథులకు నచ్చుతుంది కూడా. ‘ఎండినదే కదా, ఎవరికి నష్టం?’ అన్నాడు పనివాడు. పొద్దున చూసిన మొలక ఫొటో చూపించి బొగ్గు అడిగాం. తెచ్చాడు, విడిగా డబ్బు తీసుకున్నాడు. బస ఎంచుకునేటప్పుడు గది ఫొటోలతో పాటు చలిమంటకు ఏం వాడతారో కూడా అడగండి. కింద నుంచి తెచ్చిన బొగ్గని చెప్పిన చోటుకు నేను రెండు రియాళ్లు ఎక్కువైనా ఇస్తాను.

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే సైక్‌లో దిగి, అల్ ఐన్, అల్ అఖ్ర్ మెట్ల పొలాల మధ్య నడవండి. గులాబీల కాలం ఏప్రిల్, గదులు దొరకడం కష్టం. శిఖరం వైపు వెళ్లేవారు అక్టోబరు, మార్చి మధ్య వెళ్లాలి. దారిలో నీళ్లు దొరకవు, రోజంతటికీ మోసుకెళ్లాల్సిందే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు గడ్డకట్టే చలి, క్యాంపు దుప్పటి సరిపోదు. పెట్రోలు అల్ హమ్రాలోనే నింపుకోండి.